ట్రయల్ మధ్యలో మహమ్మారి వస్తే ఏది మార్చాలి, ఏది ముట్టుకోకూడదు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. టైప్-2 డయాబెటిస్ ఇంజెక్షన్ మీద మీరు రాసిన క్లినికల్ ట్రయల్ ప్రోటోకాల్‌ని, అంటే ట్రయల్ ఎలా నడపాలో చెప్పే ప్లాన్‌ని, ఎథిక్స్ కమిటీ ఒకే ఒక్క అభ్యంతరంతో వెనక్కి పంపింది: "మళ్లీ కోవిడ్ లాంటిది వస్తే ఈ ట్రయల్ ఏమవుతుంది? అది రాసి తీసుకురండి." 2020లో నడుస్తున్న ట్రయల్స్‌ని ఎలా నెట్టుకొచ్చారు, డిజైన్‌లో ఏం మార్చొచ్చు, విజిట్‌కి రాని పేషెంట్ల డేటాని ఏం చెయ్యాలి అని అడిగారు.

నేను ఇరవై ఏళ్లకు పైగా ట్రయల్స్‌కి స్టాటిస్టిక్స్ పని చేస్తున్నాను. 2020 మార్చిలో నా చేతిలో ఉన్నది దాదాపు మీలాంటి ట్రయలే. డయాబెటిస్, వారానికో ఇంజెక్షన్, 26 వారాల తర్వాత హెచ్‌బీఏ1సీ (రక్తంలో చక్కెర సగటుని చూపే టెస్టు) ఎంత తగ్గిందన్నది ప్రైమరీ ఎండ్‌పాయింట్, అంటే ట్రయల్ తేల్చాల్సిన ముఖ్య ఫలితం. సైట్లు, అంటే ట్రయల్ జరిగే ఆస్పత్రులు, తెలంగాణలో కొన్ని, ఆంధ్రాలో కొన్ని. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముఖ్యమైన మాట ముందే చెప్తాను. అలాంటి సమయంలో కొంత డేటా పోవడం ఎలాగూ తప్పదు, దాన్ని తట్టుకునే లెక్కలు మన దగ్గర ఉన్నాయి. అది ఎందుకు పోయిందో ఆ రోజే రాసి పెట్టుకోకపోతే మాత్రం ఏ లెక్కా పనికిరాదు. ఆర్నెల్ల తర్వాత అడిగితే పేషెంటుకీ గుర్తుండదు, పేషెంట్లతో మాట్లాడే కోఆర్డినేటర్‌కీ గుర్తుండదు.

మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటించారు. మర్నాడు పొద్దున్నే నేను డేటాని ఎలా లెక్కకట్టాలో రాసుకున్న స్టాటిస్టికల్ అనాలిసిస్ ప్లాన్ తెరిచి కూర్చున్నాను. అది నా తప్పు. ఆ పూట ముందు తెరవాల్సింది పేషెంట్ల లిస్టు. ఆ సంగతి నాకంటే ముందు మా సీనియర్ కోఆర్డినేటర్ గ్రహించింది. పదిన్నరకి ఫోన్ చేసి, "సార్, ఊళ్ల నుంచి వచ్చే పేషెంట్లలో కొందరికి వచ్చే వారంతో మందు అయిపోతుంది. బస్సుల్లేవు. వాళ్లకి ఎలా పంపాలో ముందు చెప్పండి" అంది. కొత్తగా పేషెంట్లని చేర్చుకోవడం ఆ రోజే ఆపేశాం. ఇప్పటికే మందు మీద ఉన్నవాళ్లని మాత్రం ఆపలేదు. షుగర్ మందుని ఉన్నట్టుండి ఆపితే పేషెంటుకే నష్టం. ఈ రెండూ వేరువేరు నిర్ణయాలు, ప్రోటోకాల్‌లో వేరువేరుగానే రాయండి.

మందు పంపడం చెప్పినంత తేలిక కాదు. ఇంజెక్షన్ పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. బయట వేసవి ముదురుతోంది. చిన్న థర్మాకోల్ పెట్టె, అడుగున ఐస్ ప్యాక్, దాని మీద మందపాటి అట్ట, ఆ పైన పెన్నులు, పక్కనే టెంపరేచర్ లాగర్. మధ్యలో ఆ అట్ట పెట్టకపోతే పెన్ను ఐస్‌కి తగిలి గడ్డకడుతుంది. అలాంటి మందు మళ్లీ కరిగి మామూలుగా కనిపించినా వాడకూడదు. పెట్టె మీద ఆస్పత్రి పేరు వెయ్యలేదు. ఆస్పత్రి నుంచి పార్సిల్ వచ్చిందంటే ఆ ఇంట్లో కరోనా ఉందని వీధివీధంతా అనుకునే రోజులవి. ఇంకో విషయం, కొరియర్ వాళ్లకి అడ్రస్ ఇస్తున్నామంటే పేషెంటు వివరాలు బయటివాళ్ల చేతికి వెళ్తున్నట్టే. దానికి ఫోన్లో ముందే అనుమతి అడిగి, ఎవరు అడిగారు, ఎప్పుడు అడిగారు, పేషెంటు ఏమన్నారు అన్నవి ఫైల్లో రాశాం. మీ కన్సెంట్ ఫారంలో ఇప్పుడే ఒక లైను చేర్చండి: అవసరమైతే మందు ఇంటికి పంపుతాం, విజిట్ ఫోన్లో చేస్తాం, అందుకు మీ అడ్రస్, ఫోన్ నంబర్ వాడతాం అని. ఆ లైను అప్పుడు మా దగ్గర లేదు.

అనుమతుల సంగతికి వస్తే, పేషెంటుకి వెంటనే వచ్చే ప్రమాదాన్ని తప్పించడానికి చేసే మార్పుకి ముందస్తు అనుమతి కోసం ఆగక్కర్లేదు. జీసీపీ అనే అంతర్జాతీయ ట్రయల్ ప్రమాణాల్లో ఈ వెసులుబాటు ఉంది, మన 2019 న్యూ డ్రగ్స్ అండ్ క్లినికల్ ట్రయల్స్ రూల్స్‌లోనూ ఉంది. చేసిన వెంటనే కారణంతో సహా ఎథిక్స్ కమిటీకి తెలియజేయాలి. మందు ఇంటికి పంపడం ఈ కోవలోకి వస్తుంది. ఎండ్‌పాయింట్ మార్చడం రాదు. శాంపిల్ సైజ్ (పేషెంట్ల సంఖ్య) తగ్గించడం రాదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 మార్చి 18న, యూరప్‌లో అదే పని చేసే ఈఎంఏ ఆ తర్వాత రెండు రోజులకే మార్గదర్శకాలు ఇచ్చాయి. ఏప్రిల్‌లో ఐసీఎంఆర్ కోవిడ్ కాలంలో ఎథిక్స్ కమిటీలు ఎలా పనిచెయ్యాలో ప్రత్యేకంగా గైడ్‌లైన్స్ తెచ్చింది. అన్నిటి సారాంశం దాదాపు ఒకటే. పేషెంటు భద్రత ముందు, చేసిన ప్రతి మార్పూ తేదీతో రికార్డులో ఉండాలి. సడలని నియమాలూ ఉన్నాయి. సీరియస్ అడ్వర్స్ ఈవెంట్ (పేషెంటుకి తీవ్రమైన హాని) తెలిస్తే ఇన్వెస్టిగేటర్ (సైట్‌లో ట్రయల్ నడిపే డాక్టరు) 24 గంటల్లో రిపోర్ట్ చెయ్యాలన్నది లాక్‌డౌన్‌లోనూ అలాగే ఉంది.

ఇప్పుడు కొలత సంగతి. ట్రయల్ బతికి బట్టకట్టడం చాలావరకు దీని మీదే ఆధారపడుతుంది. మీ ఎండ్‌పాయింట్ హెచ్‌బీఏ1సీ కావడం మీ అదృష్టం. అది గత రెండు మూడు నెలల చక్కెర సగటుని చూపిస్తుంది కాబట్టి, పేషెంటు మందు వేసుకుంటూనే ఉంటే 26వ వారం టెస్టు 28కో 29కో జరిగినా అర్థం పెద్దగా మారదు. విజిట్ విండో, అంటే విజిట్ తేదీకి ఇచ్చే వెసులుబాటు, మామూలు రోజుల్లో అటూ ఇటూ వారం ఉంటే, అత్యవసర పరిస్థితిలో నాలుగు వారాలకి పెంచుతామని ముందే రాసుకోవచ్చు. ఊపిరితిత్తుల ట్రయల్స్‌లో ఊపిరి బలం కొలిచే స్పైరోమెట్రీకి ఈ సౌకర్యం లేదు. ఆ యంత్రంలోకి గట్టిగా ఊదించడమే అప్పట్లో ప్రమాదం. ఆరు నిమిషాల నడక పరీక్షనీ ఇంట్లో వరండాలో చేయించి ఆస్పత్రి కారిడార్ ఫలితంతో పోల్చలేం.

సెంట్రల్ ల్యాబ్‌కి శాంపిల్ వెళ్లే దారి మూసుకుపోతే దగ్గర్లోని ల్యాబ్‌లో చేయించొచ్చా? చేయించొచ్చు. అయితే ఏ పద్ధతిలో చేస్తారో, వాళ్ల క్వాలిటీ సర్టిఫికెట్ ఏమిటో ముందే చూసుకోవాలి. డేటాబేస్‌లో "లోకల్ ల్యాబ్" అని గుర్తు పెట్టాలి. బేస్‌లైన్ (మొదటి టెస్టు) ఒక ల్యాబ్‌లో, చివరిది ఇంకో ల్యాబ్‌లో అయితే గందరగోళం కొంత పెరుగుతుంది. కానీ పేషెంటు మందు గ్రూపులో ఉన్నాడో, పోల్చి చూసే కంట్రోల్ గ్రూపులో ఉన్నాడో తెలియకుండానే లోకల్ ల్యాబ్‌కి పంపుతున్నాం కాబట్టి ఆ తేడా ఒక గ్రూపు వైపు మొగ్గదు. ఇంట్లో గ్లూకోమీటర్ రీడింగ్‌ని హెచ్‌బీఏ1సీ బదులు వాడొచ్చా అని మమ్మల్ని అప్పుడు చాలామంది అడిగారు. వాడకూడదు. అది ఆ నిమిషపు చక్కెర. పేషెంటు భద్రత చూసుకోవడానికి తప్పకుండా వాడండి, ఎండ్‌పాయింట్‌గా మాత్రం వద్దు.

ఇక రాని పేషెంట్లు. మా కోఆర్డినేటర్ మామూలు రూళ్ల నోట్‌బుక్ ఒకటి పెట్టుకుంది. పేషెంటు నంబర్, తేదీ, ఫోన్లో చెప్పిన మాట. చెప్పిన మాటని చెప్పినట్టే రాసేది. ఒక పేజీలో వరుసగా ఇలా ఉండేది: "బస్సు లేదు." "మా ఊరు రోడ్డుకి ముళ్లకంప అడ్డం పెట్టారు." "ఆస్పత్రికొస్తే అంటుకుంటదని భయం." "ఇంజెక్షన్ వేస్కుంటే రెండ్రోజులు వాంతి, అందుకే మానేసిన." "షుగర్ బాగుంది, ఇంక అక్కర్లేదనుకున్న." డేటాబేస్‌లో ఈ ఐదుగురి దగ్గరా ఉన్నది ఒకే మాట: విజిట్ మిస్డ్.

స్టాటిస్టిక్స్‌లో ఈ ఐదూ ఒకటి కావు. బస్సు లేక రానివాడి హెచ్‌బీఏ1సీ ఎంత ఉందన్నదానికీ బస్సు లేకపోవడానికీ సంబంధం లేదు. వాడిలాంటివాళ్లు వచ్చినవాళ్లలోనూ ఉన్నారు కాబట్టి, వాళ్లని బట్టి వాడి విలువని అంచనా వెయ్యొచ్చు. భయంతో రానివాడు కొంచెం భిన్నం. వయసు ఎక్కువ, గుండె జబ్బూ ఉన్నవాళ్లకే భయం ఎక్కువ. ఆ వివరాలు మన దగ్గర ఉంటే మోడల్‌లో పెట్టి సరిచేసుకోవచ్చు. వాంతులై మానేసినవాడి సంగతి పూర్తిగా వేరు. అతను మందు వల్లే మానేశాడు. అతన్ని బస్సు లేనివాడితో కలిపేస్తే మందు నిజంగా ఉన్నదానికన్నా మంచిదిగా కనిపిస్తుంది. 1976లో డొనాల్డ్ రూబిన్ మిస్సింగ్ డేటాని రకాలుగా విడదీసినప్పటి నుంచి ఈ తేడా పాఠాల్లో ఉంది. లేని విలువలని చాలాసార్లు అంచనా వేసి నింపే మల్టిపుల్ ఇంప్యుటేషన్ అనే పద్ధతీ ఆయన చలవే. కానీ ఆ నోట్‌బుక్ చూసేదాకా దాని బరువెంతో నాకు తెలియలేదు. అనాలిసిస్ ప్లాన్ సవరించేటప్పుడు మేం ఎక్కువసేపు వాదించుకున్నది ఆ పేజీల మీదే.

ఇక్కడే ఎస్టిమాండ్ అన్న మాట వస్తుంది, అంటే ట్రయల్ ఖచ్చితంగా దేన్ని అంచనా వెయ్యాలన్నది. ట్రయల్స్‌కి అంతర్జాతీయ మార్గదర్శకాలు రాసే ఐసీహెచ్ వాళ్ల ఈ9 ఆర్1 అనుబంధం 2019 నవంబర్‌లో ఖరారైంది, మహమ్మారికి సరిగ్గా కొద్ది నెలల ముందు. దాని భావం తేలికైనదే. ట్రయల్ మధ్యలో ఏదైనా జరిగితే, దాని తర్వాతి విలువని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నది మన ప్రశ్నని బట్టి ముందే తేల్చుకోవాలి. "ఏం జరిగినా సరే, ఈ మందు రాసిచ్చినవాళ్లకి చివరికి ఎంత తగ్గింది?" అన్నది ఒక ప్రశ్న. "మహమ్మారి అడ్డం రాకపోయి ఉంటే ఎంత తగ్గేది?" అన్నది ఇంకో ప్రశ్న. వాంతులై మానేసినవాడికి మొదటి ప్రశ్నే న్యాయం, ఎందుకంటే రేపు మందు వాడే జనంలోనూ అలా మానేసేవాళ్లు ఉంటారు. కొరియర్ అందక మూడు వారాలు ఇంజెక్షన్ తప్పినవాడికి రెండో ప్రశ్న సబబు. రేపటి డాక్టరుకి లాక్‌డౌన్‌లో మందు ఎలా పనిచేసిందో తెలియాల్సిన అవసరం లేదు. కాబట్టి ప్రతి సంఘటనకీ రెండు వివరాలు కావాలి: ఏం జరిగింది, అది మహమ్మారి వల్లా కాదా.

మా ట్రయల్‌కి ఇంకో చిక్కు వచ్చింది, మీరూ ఆలోచించుకోవాలి. 2020 జూన్ 16న కోవిడ్ చికిత్సలని పరీక్షిస్తున్న బ్రిటన్ రికవరీ ట్రయల్ డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఫలితం ప్రకటించింది. రోజుకి 6 మిల్లీగ్రాములు, పది రోజుల వరకు. వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీదున్నవాళ్లలో ఐదో వంతు తగ్గాయి. మంచి కబురే. కానీ స్టెరాయిడ్ చక్కెరని పెంచుతుంది. మా పేషెంటుకి కోవిడ్ వచ్చి స్టెరాయిడ్ పడితే, మా మందు బాగా పనిచేస్తున్నా హెచ్‌బీఏ1సీ ఎక్కువగా కనిపించొచ్చు. అందుకని "కోవిడ్ వచ్చింది", "స్టెరాయిడ్ వాడారు", ఎన్ని రోజులు, ఏ తేదీల్లో అన్న ప్రశ్నలు ఫారంలో కొత్తగా చేర్చాం. మీ ఎండ్‌పాయింట్‌ని నేరుగా కదిలించే చికిత్స ఏదో ఇప్పుడే ఊహించి రాసుకోండి.

శాంపిల్ సైజ్ గురించి చాలామందికి అవసరానికి మించిన టెన్షన్ ఉంటుంది, ఒకచోట మాత్రం ఉండాల్సినంత ఉండదు. 90 శాతం పవర్‌తో (నిజంగా తేడా ఉంటే దాన్ని పట్టుకునే అవకాశం) 300 మందిని ప్లాన్ చేశారనుకోండి. 240 మంది డేటానే దక్కితే పవర్ దాదాపు 83 శాతం. అది ప్రళయం కాదు. 180 మందే దక్కితే 71 శాతానికి పడుతుంది, అది ప్రమాదమే. అయితే డేటా అందరిదీ దొరికి, మందు మాత్రం కొందరికి సరిగ్గా అందని పరిస్థితిని ఎవరూ లెక్కెయ్యరు. ఐదోవంతు పేషెంట్లకి మందు ప్రభావం సగమే అందిందనుకుంటే మొత్తం సగటు తేడా పది శాతం తగ్గుతుంది. ఆ పది శాతాన్ని పూడ్చడానికి 300 బదులు దాదాపు 370 మంది కావాలి. అందుకే ఎంతమంది వచ్చారో చూసినంత శ్రద్ధగా, ఎన్ని డోసులు నిజంగా పడ్డాయో కూడా చూడాలి. వాడేసిన పెన్నులని ఇంట్లోనే దాచమని చెప్పి, వీడియో కాల్‌లో లెక్కపెట్టించాం.

మధ్యలోనే ఆపెయ్యాలా అన్న ప్రశ్నకి రెండు పాత ఉదాహరణలు చెప్తాను. వూహాన్‌లో రెమ్‌డెసివిర్ ట్రయల్‌కి 453 మంది కావాలి. 237 మంది చేరేసరికి అక్కడ కేసులే అయిపోయాయి, ఆపెయ్యాల్సి వచ్చింది. ఫలితం ఎటూ తేలలేదు. అంతకుముందు పశ్చిమాఫ్రికాలో ఎబోలా వచ్చినప్పుడు జీమ్యాప్ అనే మందు ట్రయల్ 200 మందికి ప్లాన్ చేస్తే 72 మంది దగ్గర ఆగింది. మామూలు చికిత్స గ్రూపులో 37 శాతం, మందు గ్రూపులో 22 శాతం చనిపోయారు. ఇంత తేడా కనిపించినా, ముందుగా పెట్టుకున్న గీత దాటనందున మందు పనిచేసిందని చెప్పలేకపోయారు. జబ్బే తగ్గిపోయినప్పుడు వాళ్లకి వేరే దారి లేదు. డయాబెటిస్ ఎక్కడికీ పోదు కాబట్టి మీకు దారుంది. కొన్నాళ్లు ఆగండి, సైట్లు తెరిచాక మళ్లీ చేర్చుకోండి. మేం అదే చేశాం. ఆగినందుకు స్పాన్సర్ (ట్రయల్‌కి డబ్బు పెట్టేవాళ్లు) ఖర్చు పెరిగింది, గట్టిగానే వాదించాల్సి వచ్చింది.

ఈ నిర్ణయాలు తీసుకునేవాళ్లు ఏ గ్రూపులో ఫలితం ఎలా ఉందో చూసి ఉండకూడదు. ఇందులో నేను రాజీపడను. మొత్తం మీద ఎంతమంది మిగిలారు, రెండు గ్రూపులూ కలిపి చూస్తే విలువల చెదురు ఎంత ఉంది, ఇవి చూసి శాంపిల్ సైజ్ సరిచేసుకోవచ్చు. గ్రూపులవారీ డేటా డీఎస్‌ఎంబీకే (డేటానీ భద్రతనీ చూసే స్వతంత్ర కమిటీ) పరిమితం. మా పరిచయస్తుల ట్రయల్ ఒకటి ఇక్కడే పాడైంది. ఆ పేరు చెప్పను. లాక్‌డౌన్ గందరగోళంలో ఎవరో "అసలు పనిచేస్తోందా లేదా ఒకసారి చూద్దాం" అని గ్రూపులవారీ టేబుల్ తీశారు. ఆ తర్వాత ఎండ్‌పాయింట్‌ని 26 వారాల నుంచి 12 వారాలకి మార్చారు. ఆ మార్పుకి నిజంగానే మంచి కారణం ఉండి ఉండొచ్చు. టేబుల్ చూశాక మార్చారు కాబట్టి ఎవరూ నమ్మలేదు. రెండేళ్ల పని, అందులో పాల్గొన్న పేషెంట్ల ఓపిక, అన్నీ ఆ ఒక్క టేబుల్‌తో పోయాయి. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

కంట్రోల్ గ్రూపు ఉండటం ఎంత మేలో కూడా అప్పుడే బాగా తెలిసింది. లాక్‌డౌన్‌లో జనం నడక మానేశారు, తిండి వేళలు మారాయి, కొందరికి బయటి తిండి తగ్గి షుగర్ మెరుగైంది కూడా. ఇదంతా రెండు గ్రూపులకీ సమానంగానే తగిలింది కాబట్టి వాటి మధ్య తేడా చెల్లుతుంది. ఒకే గ్రూపుతో "ముందు, తర్వాత" పోల్చే ట్రయల్స్‌కి ఈ రక్షణ లేదు. మీ ఎక్స్‌టెన్షన్ భాగం, అంటే 26 వారాల తర్వాత అందరికీ మందిచ్చే దశ, ఆ రకమే. దాని మీద పెద్ద ఆశలు పెట్టుకోకండి.

కొత్త తరహా డిజైన్ల గురించి మీరు ఒక వాక్యంలో అడిగారు. రికవరీ, రీమ్యాప్-క్యాప్ లాంటి ప్లాట్‌ఫాం ట్రయల్స్, అంటే ఒకే ఏర్పాటులో చాలా చికిత్సలని పరీక్షించేవి, గొప్పవే. రీమ్యాప్-క్యాప్ 2016లోనే మామూలు న్యుమోనియా కోసం మొదలైంది. మహమ్మారి వస్తే ఏం చెయ్యాలో దాని ప్రోటోకాల్‌లో ముందే రాసుంది, అందుకే 2020లో వెంటనే దారి మళ్లించగలిగారు. మన దగ్గర ఐసీఎంఆర్ ప్లాసిడ్ ట్రయల్ కోవిడ్ నుంచి కోలుకున్నవాళ్ల ప్లాస్మా మీద ఏప్రిల్ 22 నుంచి జూలై 14 లోపు 39 ఆస్పత్రుల్లో 464 మందిని చేర్చి, జబ్బు ముదరడాన్ని గానీ మరణాలని గానీ ప్లాస్మా తగ్గించలేదని తేల్చింది. డిజైన్ సాదాసీదాగా ఉండటం వల్లే అంత తొందరగా పూర్తయింది. ఇవన్నీ మహమ్మారి జబ్బు మీద జరిగిన ట్రయల్స్. మీ డయాబెటిస్ ట్రయల్‌కి కొత్త డిజైన్ అక్కర్లేదు, మీరు రాసుకున్న డిజైన్ బతికుండే ఏర్పాటు కావాలి.

కమిటీకి ఇచ్చే పేరాలో నేనైతే ఇవి రాస్తాను. ఏ పరిస్థితిలో అత్యవసర ప్లాన్ అమల్లోకి వస్తుంది, అది ఎవరు ప్రకటిస్తారు, ఏ తేదీ నుంచి. మందు, ఫోన్ విజిట్, లోకల్ ల్యాబ్ నియమాలు. 26వ వారం టెస్టుకి పెంచిన విండో. మహమ్మారి వల్ల మందు ఆగితే, వేరే కారణంతో ఆగితే, స్టెరాయిడ్ పడితే లెక్కలో ఏం చేస్తాం. మిస్సింగ్ విలువల మీద మన ఊహ తప్పైతే ఫలితం ఎక్కడ తిరగబడుతుందో చూసే టిప్పింగ్ పాయింట్ అనాలిసిస్. మార్పులన్నీ సీటీఆర్‌ఐలో (మన దేశపు ట్రయల్స్ రిజిస్ట్రీ) అప్‌డేట్ చేస్తామన్న మాట. చివర పేపర్ రాసేటప్పుడు 2021లో వచ్చిన కన్సర్వ్ చెక్‌లిస్టు వాడండి. ఇలాంటి పరిస్థితుల్లో సవరించిన ట్రయల్స్ కోసమే దాన్ని తయారుచేశారు.

ఆ తర్వాత విజిట్ ఫారంలో "రాలేదు" అన్న గడి పక్కన ఇంకో రెండు గడులు పెట్టండి. ఒకటి, పేషెంటు చెప్పిన మాట యథాతథంగా, తెలుగులోనే. రెండోది, మహమ్మారికి సంబంధించిందా: అవును, కాదు, తెలియదు. ఫారం ప్రింటుకి పంపే ముందు మీ కోఆర్డినేటర్ చేత ఒకరిద్దరు పేషెంట్లకి నిజంగా ఫోన్ చేయించి నింపించి చూడండి. ఫోన్ చెవికి ఆనించుకుని ఒంటిచేత్తో రాయడానికి చోటు సరిపోకపోతే ఆ గడిని పెద్దది చెయ్యండి. మా మొదటి ఫారంలో అది చాలా చిన్నది, అందుకే ఆవిడ నోట్‌బుక్ కొనుక్కుంది.